ఎనిమిది వారాలు రాసుకున్నాక పెట్రోలియం జెల్లీ గురించి

రెండు నెలలుగా ప్రతి రాత్రీ వాడుతున్నాను కాబట్టి ఇక రాయొచ్చు అనిపించింది. నేను మాట్లాడేది మామూలు పెట్రోలియం జెల్లీ గురించి, మెడికల్ షాపులో అడిగితే కింది అరలోంచి తీసిచ్చే డబ్బా. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే ఈ సరుకు విషయంలో కంపెనీ ముఖ్యం కాదు, లేబుల్ మీద వైట్ పెట్రోలియం జెల్లీ ఐపీ అనో వైట్ సాఫ్ట్ పారాఫిన్ ఐపీ అనో ఉంటే చాలు. ఐపీ అంటే ఇండియన్ ఫార్మకోపియా, మందుల్లో వాడే స్థాయికి శుద్ధి చేసిన సరుకని అర్థం. నేను కొన్న డబ్బాకి వంద రూపాయలు కూడా అవలేదు. అదే షాపులో పైన అద్దాల బీరువాలో ఉండే చిన్న చిన్న సీసాలు ఆరేడొందల నుంచి మొదలవుతాయి. వాటిలో చాలావాటిని ఒక్కొక్కటిగా కొని, వాడి, ముఖం పాడుచేసుకుని, చివరికి ఈ డబ్బా దగ్గరికి వచ్చాను.

మాది నెల్లూరు. అక్కడ ఉన్నన్నాళ్లూ నాకు క్రీమ్ రాసుకోవాలన్న ఆలోచనే లేదు, సముద్రం దగ్గరి గాలి, ఏడాది పొడుగునా చెమటే. ఉద్యోగానికి బెంగళూరు వచ్చాక మొదట మారతహళ్లిలో పీజీ, తర్వాత కుందలహళ్లిలో ముగ్గురం కలిసి ఫ్లాట్. ఈ ఊరు సముద్రానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, డిసెంబరు దాటిందంటే గాలి ఎండిపోతుంది, దానికి తోడు ఆఫీసులో రోజంతా ఏసీ, ఇంట్లో బోరు నీళ్లు, ఎండాకాలం దగ్గరపడితే ట్యాంకర్ నీళ్లు. కావేరి నీళ్లు మా బిల్డింగుకి ఇంకా రాలేదు. కుళాయిల చుట్టూ తెల్లగా గారకట్టేంత గట్టి నీళ్లు.

మాఘమాసంలో మా బావ పెళ్లి ఉందని, ముఖం బాగుపడాలని డిసెంబరులో మొదలుపెట్టాను. పొద్దున విటమిన్ సి సీరమ్, రాత్రి ఒకరోజు గ్లైకోలిక్ యాసిడ్, ఒకరోజు విటమిన్ ఏ రకమైన రెటినాల్, వారానికి రెండుసార్లు గరుకు స్క్రబ్, మధ్యలో ఒక పార్లర్‌లో చర్మం పై పొరని లేపే ఏదో పీల్ కూడా చేయించుకున్నాను. మొదటి రెండు వారాలు నిజంగానే మెరిసింది. ఆ మెరుపు చూసి మోతాదు పెంచాను. జనవరి మూడో వారంలో ఒకరోజు పొద్దున ముఖం మీద చల్లనీళ్లు చల్లుకుంటే చుర్రుమంది. ఉత్త నీళ్లు! అప్పటిదాకా ఏమీ అనని మాయిశ్చరైజర్ కూడా మంట పుట్టించింది. బుగ్గలు బిగుసుకుపోయి ప్లాస్టిక్ కాగితంలా మెరుస్తున్నాయి, ముక్కు పక్కన పొట్టు లేస్తోంది, నుదుటి మీద ఇసుక చల్లినట్టు సన్నటి పొక్కులు. పెళ్లికి నాలుగు వారాలుంది. ఆఫీసులో అప్పుడే రిలీజ్ టెన్షన్. ఒక మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ బుగ్గ గోకేసుకుంటున్నానని పక్కనున్న అమ్మాయి చెబితే గానీ నాకు తెలియలేదు.

పొక్కులు చూసి మొటిమలనుకుని ఇంకో యాసిడ్ రాయబోయాను. మా ఫ్లాట్‌లో ఉండే కర్నూలు అమ్మాయి ఆపి, చర్మ డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లింది. ఆ డాక్టరమ్మ తెలుగావిడే. ముఖం దగ్గరగా చూసి, నేను తీసుకెళ్లిన సీసాలన్నీ టేబుల్ మీద వరసగా పెట్టించి, ఒక్కొక్కటే పక్కకి జరిపేశారు. చివరికి ఏమీ మిగల్లేదు. మందుల చీటీ మీద మూడే రాశారు: సబ్బు కాని, సువాసన లేని ఒక క్లెన్సర్, సెరమైడ్లు (చర్మంలో సహజంగా ఉండే ఒక రకం కొవ్వులు) ఉన్న మామూలు క్రీమ్ ఒకటి, పెట్రోలియం జెల్లీ. యాసిడ్లూ రెటినాలూ పూర్తిగా మానేయమన్నారు, ఆరు వారాల దాకా కొత్తవేవీ మొదలుపెట్టొద్దన్నారు. అంత ఫీజు తీసుకుని జెల్లీ రాసిచ్చారేంటని ఆ రోజు నాకు కోపమొచ్చిన మాట నిజం. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఆ ఫీజు పూర్తిగా గిట్టుబాటైంది.

ఈ జెల్లీ ఎందుకు పనిచేసిందో అర్థం కావాలంటే చర్మం ఎలా కట్టి ఉంటుందో కొంచెం తెలియాలి. నాకు అప్పటిదాకా తెలియదు, తెలిసుంటే అంత పని చేసేదాన్ని కాదు. మనకి పైకి కనిపించే పొర ప్రాణం లేని కణాలది. ముఖం మీదా చేతుల మీదా అది మహా అయితే 10 నుంచి 20 మైక్రాన్ల మందం, అంటే వెంట్రుక మందం కన్నా కూడా తక్కువే. ఆ మందంలోనే పదిహేను ఇరవై వరసల కణాలు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. కాలిఫోర్నియాలో పనిచేసిన పీటర్ ఎలియాస్ అనే చర్మ శాస్త్రవేత్త దీన్ని ఇటుకల గోడతో పోల్చారు: కణాలు ఇటుకలు, వాటి మధ్యనున్న కొవ్వు సున్నం. నాకైతే మా అమ్మమ్మ వాళ్ల పెంకుటిల్లు గుర్తొస్తుంది. పెంకులన్నీ ఉన్నంత మాత్రాన సరిపోదు, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి, సందుల్లో పూత ఉండాలి, నాలుగు పెంకులు జరిగితే వాన లోపలికి వస్తుంది. చర్మానికైతే రెండు వైపులా నష్టమే, లోపలి తడి ఆవిరై బయటికి పోతుంది, బయటి దుమ్మూ సబ్బూ సువాసనలూ లోపలికి దిగి మంట పుట్టిస్తాయి. ఉత్త నీళ్లకే నా ముఖం చుర్రుమనడానికి కారణం ఇదే.

ఆ సున్నంలో బరువు లెక్కన దాదాపు సగం సెరమైడ్లు, పావు వంతు కొలెస్ట్రాల్, మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఫ్యాటీ యాసిడ్లు. రక్తపరీక్షలో చూసి భయపడే కొలెస్ట్రాలే ఇక్కడ మనల్ని కాపాడుతోంది. ఈ మూడింటినీ చర్మం తానే తయారుచేసుకుంటుంది, బయటి నుంచి ఎవరూ పోయక్కర్లేదు. కాకపోతే అవి తయారవడానికి చర్మం పైభాగం కొద్దిగా పుల్లగా ఉండాలి, పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య. మామూలు సబ్బుల పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. సబ్బుతో కడిగిన ప్రతిసారీ ఆ పులుపు పోతుంది, తిరిగి రావడానికి గంటలు పడుతుంది. నేను రోజుకి నాలుగుసార్లు కడిగేదాన్ని. పైగా గ్లైకోలిక్ యాసిడ్ చేసే పనే కణాల మధ్య పట్టుని వదులు చేయడం. వారానికి ఒకసారి ఆరోగ్యమైన చర్మం మీద అయితే తట్టుకుంటుందేమో, రోజు విడిచి రోజు, మధ్యలో స్క్రబ్, పైన పీల్ అంటే కప్పు మీదెక్కి పెంకులు పీకడమే.

ఇక జెల్లీ. ఇది చర్మానికి తడి ఇవ్వదు. ఈ ఒక్క విషయం తెలియకే చాలామంది రెండు రోజులు రాసి పనిచేయలేదని పక్కన పడేస్తారు. దీంట్లో చుక్క నీరు లేదు, ఎండిన ముఖం మీద రాస్తే ఎండిన ముఖమే, పైన జిడ్డు. ఇది చేసేదల్లా మూత పెట్టడం. చర్మంలోంచి నీరు ఆవిరయ్యే వేగాన్ని 98 శాతం దాకా తగ్గిస్తుందని చర్మ వైద్య పుస్తకాల్లో ఉంటుంది, వేరే నూనెలు చాలావరకు 20, 30 శాతం దగ్గరే ఆగిపోతాయి. అన్నం ఉడికాక మూత పెట్టి మగ్గనిచ్చినట్టు, ఉన్న తడి ఉన్నచోటే ఉంటుంది, ఆ మూత కింద చర్మం తన గోడ తాను కట్టుకుంటుంది. మరి మూత పెడితే చర్మం బద్ధకించి తన పని మానేస్తుందేమో అని నాకూ అనుమానం వచ్చింది. 1992లో వచ్చిన ఒక పరిశోధనలో ఈ జెల్లీ పైన ఊరికే పడి ఉండదని, పై పొర కణాల సందుల్లోకి వెళ్లి కూర్చుంటుందని, అయినా లోపలి మరమ్మతుకి అడ్డుపడదని తేలింది. అది చదివాక నాకు ధైర్యం వచ్చింది.

చరిత్ర కూడా బాగుంటుంది. అమెరికాలో పెన్సిల్వేనియా చమురు బావుల దగ్గర పంపు కడ్డీలకి మైనంలాంటి జిడ్డు పేరుకునేది, కూలీలు దాన్ని తిట్టుకుంటూనే గాయాలకీ కాలిన చోట్లకీ రాసుకునేవాళ్లు. రాబర్ట్ చీజ్‌బ్రో అనే రసాయన శాస్త్రవేత్త అది చూసి, శుద్ధి చేసి, 1872లో వాజలీన్ పేరుతో పేటెంట్ తీసుకున్నాడు. నూట యాభై ఏళ్లు దాటింది, ఇప్పటికీ డాక్టర్లు రాస్తూనే ఉన్నారు. పెట్రోలు నుంచి వచ్చింది ముఖానికి రాయడమేంటని అమ్మ ఫోన్లో కోప్పడింది. ముడిసరుకు పట్ల ఆ భయం తప్పు కాదు, శుద్ధి సరిగ్గా చేయకపోతే హాని చేసే పదార్థాలు మిగిలిపోతాయి, అందుకే ఐపీ అక్షరాలు చూసి కొనమని నేను చెప్పేది. రోడ్డు పక్కన తూకానికి అమ్మేది మాత్రం వద్దు.

వాడే పద్ధతి రాస్తాను, ఎందుకంటే సగం ఫలితం ఇక్కడే ఉంది. రాత్రి గోరువెచ్చని నీళ్లతో, వేడినీళ్లతో కాదు, క్లెన్సర్ కొంచెం తీసుకుని కడుగుతాను. మెత్తటి నూలు తువాలుతో అద్దుతాను, రుద్దను. ముఖం ఇంకా తడితడిగా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లోపే, సెరమైడ్ క్రీమ్ రాస్తాను, దాంట్లో గ్లిజరిన్ కూడా ఉంది, నీటిని పట్టి ఉంచేది అదే. ఆ పైన ముఖమంతటికీ కలిపి శనగగింజంత జెల్లీ. అరచేతుల మధ్య రాపాడితే వేడికి కరిగి పల్చబడుతుంది, అప్పుడు చేతుల్ని ముఖానికి అద్దాలి. మొదటి వారం నేను వేలితో తీసి దట్టంగా పూశాను, తెల్లారేసరికి దిండు గలీబు నిండా జిడ్డు, సగం జెల్లీ దానికే. పొద్దున ఉత్త నీళ్లతో కడగడం, క్రీమ్, జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్, అంతే. జెల్లీ ఎండని ఆపదు, పగలు రాసుకుని బైక్ మీద వెళ్తే అవుటర్ రింగ్ రోడ్డు దుమ్మంతా ముఖానికి అంటుకుంటుంది.

మొదటి మూడు రోజుల్లోనే నీళ్లు తగిలితే మంట తగ్గింది. ఇది నిజంగా ఆశ్చర్యం. పొట్టు లేవడం పది రోజులకి ఆగింది. కానీ ఎరుపు మాత్రం మొండికేసింది, నాలుగో వారం దాకా అలాగే ఉంది, పెళ్లి ఫోటోల్లో కూడా బుగ్గలు ఎర్రగానే కనిపిస్తాయి. మధ్యలో మూడో వారం రిలీజ్ వారం, నిద్ర లేదు, రాత్రి రెండింటికి పడుకోవడం, అప్పుడు మళ్లీ బిగుసుకుపోయింది. వాడేవి ఏమీ మార్చలేదు కదా అని కంగారుపడ్డాను. 2001లో అమెరికాలో విద్యార్థుల మీద చేసిన ఒక పరిశీలన ఉంది, చర్మానికి టేపు అంటించి పీకి, పై పొర ఎంత త్వరగా కోలుకుంటుందో కొలిచారు, సెలవుల తర్వాతి కన్నా పరీక్షల సమయంలో మరమ్మతు నెమ్మదించింది. ఆ విషయం చదివాక ఆ వారం ముఖం ఎందుకలా అయిందో కొంత అర్థమైంది. ఆరో వారానికి చర్మం చేతికి మామూలుగా తగిలింది. ఇప్పుడు ఎనిమిదో వారం, ఇంకా ఒక్క యాసిడ్ కూడా ముట్టలేదు.

ఒకటి నిజాయితీగా చెప్పాలి, దీంట్లో జెల్లీ వాటా ఎంత, మిగతావన్నీ మానేయడం వల్ల వచ్చింది ఎంత అని విడదీసి చెప్పడం నా వల్ల కాదు. నా అంచనా, మానేయడమే పెద్ద మందు. చిన్న దెబ్బ తగిలిన ఆరోగ్యమైన చర్మం ఏమీ రాయకపోయినా మూడు నాలుగు రోజుల్లో పై పొరని తిరిగి కట్టుకుంటుంది. నాది రోజూ తగిలిన దెబ్బ, కోలుకునే లోపే ఇంకోటి. జెల్లీ ఆ కోలుకునే రోజుల్ని మంట లేకుండా గడిపించింది, గోకకుండా ఆపింది. ఆ సమయంలో నాకు అదే కావాల్సింది.

నీళ్ల సంగతి ఇక్కడ ఉండే తెలుగువాళ్లందరూ అడుగుతారు, జుట్టు రాలినా చర్మం పగిలినా నింద బోరు నీళ్లకే. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని మడ్డిగా మారి చర్మం మీద ఉండిపోతాయి, ఎంత కడిగినా జారదు, మంట పెడుతుంది. అంటే నీళ్లతో పాటు సబ్బు కూడా కారణమే. నేను కూడా ఆన్‌లైన్‌లో షవర్ ఫిల్టర్ ఒకటి కొన్నాను. అలాంటివి ఎక్కువగా క్లోరిన్ తగ్గిస్తాయి గానీ కాఠిన్యాన్ని తీయలేవు, దానికి ఉప్పు పోస్తూ నడిపే రెజిన్ సాఫ్టెనర్ కావాలి. అది పెట్టించుకుంటే చర్మం బాగైపోతుందా అంటే, బ్రిటన్‌లో ఎగ్జిమా (చర్మం ఎర్రబడి, ఎండిపోయి దురద పెట్టే జబ్బు) ఉన్న 336 మంది పిల్లల ఇళ్లలో పరీక్షించి 2011లో ఫలితాలు వేశారు, సాఫ్టెనర్ పెట్టినందువల్ల ఎగ్జిమాలో ప్రత్యేకంగా తేడా కనిపించలేదు. కాబట్టి అపార్ట్‌మెంట్ మీటింగులో ఎవరైనా చర్మం పేరు చెప్పి లక్షల ఖర్చుకి ఒప్పిస్తుంటే ఈ మాట చెప్పండి. పైపులు, గీజర్ బాగుంటాయంటే అది వేరే లెక్క. నేను చేసింది చవకైన పని, సబ్బు మానేసి సిండెట్ బార్‌కి మారాను, చూడ్డానికి సబ్బుబిళ్లలానే ఉంటుంది గానీ సబ్బు కాదు. అది గట్టి నీళ్లలో కూడా మడ్డి కట్టదు. స్నానం కూడా అరగంట వేడినీళ్ల నుంచి ఏడెనిమిది నిమిషాల గోరువెచ్చని నీళ్లకి దించాను, డిసెంబరు చలిలో అది కష్టమే.

నూనెల గురించి అమ్మతో పెద్ద వాదనే అయింది. కొబ్బరినూనె ఉండగా ఇదెందుకంటుంది. ఆవిడ మాటలో పస ఉంది, తేలికపాటి నుంచి ఓ మోస్తరు ఎగ్జిమా ఉన్న పిల్లల మీద మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసే నూనె) కన్నా వర్జిన్ కొబ్బరినూనె మెరుగ్గా పనిచేసిందని పరిశోధన వచ్చింది. ఒంటికి, కాళ్లకి నేనూ వాడతాను. ముఖానికి మాత్రం నాకు పడదు. ఆశ్చర్యం ఏంటంటే మన వంటింటి పొద్దుతిరుగుడు నూనె, ఢాకాలో నెలలు నిండకుండా పుట్టిన పసికందులకి అది రాస్తే ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు తగ్గాయని 2005లో ప్రచురించారు, దాంట్లో లినోలియిక్ యాసిడ్ అనే ఫ్యాటీ యాసిడ్ ఎక్కువ, సెరమైడ్ల తయారీకి అది ముడిసరుకు. ఖరీదైనదని గొప్పగా చెప్పే ఆలివ్ నూనె మాత్రం పెద్దవాళ్ల మీద పరీక్షిస్తే పై పొరని బలహీనపరిచింది. బాలింతలకి, పసిపిల్లలకి విదేశాల నుంచి ఆలివ్ నూనె తెచ్చిచ్చే చుట్టాలు ఈ విషయం తెలుసుకుంటే బాగుంటుంది. నలుగుపిండి విషయంలో నేను అమ్మ మాట వినలేదు, మంట ఉన్నప్పుడు ఏ పిండీ రుద్దకూడదు.

జెల్లీతో జాగ్రత్తలు కూడా ఉన్నాయి, పొగిడి వదిలేస్తే తప్పవుతుంది. చెన్నైలో తొరైపాక్కంలో ఉండే మా అక్క నా మాట విని వెంటనే మెడకీ వీపుకీ రాసుకుంది, అక్కడ ఉక్కపోత ఎప్పుడూ ఉండేదే, మూడో రోజుకి చెమటకాయలు. మూత పెట్టే వస్తువు చెమటకి కూడా మూత పెడుతుంది. బెంగళూరు జనవరిలో నాకు సరిపోయింది చెన్నై ఉక్కలో అక్కకి సరిపోదు. అక్కకి ఇప్పుడు గిన్నెలు తోమాక చేతులకి మాత్రమే రాసుకోమని చెప్పాను, వేళ్ల మధ్య పగుళ్లు బాగానే మానుతున్నాయి. రెటినాల్ లాంటి మందుల మీద దీన్ని రాస్తే వాటి ఘాటు పెరగొచ్చు, డాక్టర్ చెప్పకుండా వద్దు. ముక్కులోపల రోజూ దట్టంగా రాసుకునే అలవాటు మంచిది కాదు, అది లోపలికి జారి ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం ఉంది. ఇంకొకటి ఎవరూ చెప్పరు: జెల్లీ ఇంకిన బట్ట నిప్పు తగిలితే మామూలు బట్ట కన్నా వేగంగా అంటుకుంటుంది. బ్రిటన్‌లో మందుల నియంత్రణ సంస్థ దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. చేతుల నిండా రాసుకుని చున్నీకి తుడుచుకుని పొయ్యి దగ్గర నిలబడొద్దు, దేవుడి దగ్గర దీపం వెలిగించేటప్పుడు కూడా.

కోకో, అలోవెరా, గులాబీ అని రంగు రంగుల మూతలతో వచ్చే రకాలు పాడైన ముఖానికి వద్దు. వాటిలో చాలావాటికి సువాసన కలుపుతారు, తెరుచుకుపోయిన చర్మానికి సువాసనే మొదటి శత్రువు.

మా ఫ్లాట్‌లో మూడో అమ్మాయి కథ కూడా రాయాలి, తను రాయమంది కాబట్టి రాస్తున్నాను. ఇంటి దగ్గర షాపులో ఎవరో చెప్పారని తెల్లబడడానికి ఒక ట్యూబు రెండేళ్లుగా వాడుతోంది. ఆపితే ముఖం ఎర్రగా మండుతుంది, రాస్తే తగ్గుతుంది, అందుకే ఆపలేకపోయింది. నా ముఖం బాగుపడుతుంటే చూసి తన ట్యూబు నాకు చూపించింది. లేబుల్ మీద మోమెటాసోన్ అని ఉంది, స్టెరాయిడ్. స్టెరాయిడ్ డాక్టర్ చేతిలో మంచి మందు, కానీ ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడిపోతుంది, ఆ గోడలోని కొవ్వు తయారీ తగ్గిపోతుంది, సన్నటి రక్తనాళాలు ఎర్రగా పైకి తేలతాయి. 2018లో కేంద్రం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అయినా అడిగితే ఇచ్చేసే షాపులున్నాయి. తనకి మాత్రం జెల్లీ రాసుకో అని నేను చెప్పలేదు. అలాంటి ట్యూబు ఒక్కసారిగా ఆపినా తిరగబెడుతుంది, అది పూర్తిగా డాక్టర్ పని. అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం, ఇప్పుడు కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. మీ ఇంట్లో ఎవరైనా తెల్లబడే ట్యూబు వాడుతుంటే దయచేసి ఈ రాత్రే లేబుల్ తిప్పి చదవండి, బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్ పేర్లు చూడండి.

కొందరికి ఈ గోడ పుట్టుకతోనే పల్చగా ఉంటుంది. మా తమ్ముడికి చిన్నప్పటి నుంచీ మోకాళ్ల వెనక ఎగ్జిమా, చలికాలం వస్తే కాళ్ల మీద చేప పొలుసుల్లా చర్మం. వాడి అరచేతుల్లో గీతలు మరీ ఎక్కువ, చెయ్యి చూసిన పెద్దాయన ఒకాయన విదేశీయానం రాసిపెట్టి ఉందన్నాడట. ఆ గీతలకి ఇంకో కారణం ఉందని నాకు మొన్ననే తెలిసింది. ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ చర్మంలో తడిని పట్టి ఉంచే పదార్థాలకి మూలం, దాని జన్యువులో లోపం ఉన్నవాళ్లకి పొలుసుల చర్మం, ఎగ్జిమా వస్తాయని 2006లో కనిపెట్టారు, అరచేతుల్లో దట్టమైన గీతలు దాని గుర్తుల్లో ఒకటి. వాడిది అదేనని నేను తేల్చి చెప్పలేను, పరీక్ష చేయించలేదు. కానీ ఇరవై ఏళ్లుగా శుభ్రంగా స్నానం చేయడు, అందుకే దురద అని వాణ్ణి అందరం తిట్టాం, ఎర్రసబ్బుతో గట్టిగా రుద్ది మరీ పోశాం. అది తలచుకుంటే బాధేస్తుంది. వాడికి జెల్లీ ఒక్కటే చాలదు, తడిని పట్టి ఉంచే యూరియా ఉన్న క్రీమ్ కింద రాసి పైన ఇది రాయమన్నారు, రాస్తున్నాడు.

ఎవరు కొనొచ్చు అంటే, ఎక్కువ సీరమ్‌లు రాసి ముఖం మంట పుడుతున్నవాళ్లు, బెంగళూరు చలికి పెదవులూ మడమలూ పగిలేవాళ్లు, రోజంతా శానిటైజర్, గిన్నెల సబ్బు తగిలే చేతులున్నవాళ్లు. మొటిమలు బాగా ఉన్నవాళ్లు ముందు దవడ దగ్గర చిన్న చోట వారం రోజులు రాసి చూసుకోండి. జెల్లీ వల్లే రంధ్రాలు మూసుకుపోతాయన్నది పాత భయం, పరీక్షల్లో అది నిలబడలేదు, కానీ జిడ్డు ముఖానికి చిరాకైతే తప్పదు. రసి కారుతున్నా, చీము పట్టినా, జ్వరం ఉన్నా, రెండు వారాల్లో ఏ మార్పూ లేకపోయినా ఏ డబ్బా వద్దు, నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు జిడ్డుకి, జుట్టుకి అంటుకుంటే మూడు సార్లు తలస్నానం చేసినా పోని తనానికి. వేళ్లు ముంచి తీసే డబ్బా కన్నా ట్యూబు దొరికితే ట్యూబే తీసుకోండి, శుభ్రంగా ఉంటుంది. నేను జనవరి చివర్లో తెరిచిన డబ్బాలో ఇంకా మూడో వంతు మిగిలి ఉంది.

పెళ్లికి వెళ్లినప్పుడు కొత్త డబ్బా ఒకటి తీసుకెళ్లి అమ్మకి ఇచ్చి వచ్చాను, మడమల పగుళ్లకి. పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టి, తుడిచి, రాసి, పాత సాక్సులు వేసుకుని పడుకోమన్నాను, అలా నడిస్తే జారతావు, మంచం దిగొద్దని పదిసార్లు చెప్పాను. నిన్న ఫోన్ చేసి, పక్కింటి సుబ్బమ్మత్తకి సగం ఇచ్చేశానని, ఇంకోటి పంపమని అడిగింది. బెంగళూరు నుంచి పంపక్కర్లేదమ్మా, ట్రంకు రోడ్డు మీద ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది, డబ్బా వెనక ఐపీ అని ఉందో లేదో చూసి తీసుకో అన్నాను. కళ్లజోడు పెట్టుకుని మరీ రాసుకుంది.